మొహం తిప్పుకున్న కార్డులు

పొద్దున్నే షట్టరు ఎత్తగానే నాన్న చేసే మొదటి పని ఒకటే. ముందురోజు తయారైన ఐడీ కార్డులన్నిటినీ గోడమీది తీగలకు క్లిప్పులతో తగిలించి, చేతులు వెనక్కి కట్టుకుని వాటి ముందు అటూ ఇటూ నడుస్తాడు. కార్డులో మనిషి ఎదురుగా చూస్తుంటే అది పాసు. ఎవరైనా మొహం తిప్పుకుని కనిపిస్తే ఆ కార్డు ఊడదీసి, "అమ్మాయ్, ఈయన పేరు ఒకసారి చూడు" అని పెద్దక్క బల్ల మీద పడేస్తాడు. పేరు తప్పుపడితే ఫొటోలో మనిషి మొహం తిప్పుకుంటాడు, అంతే. ఆ షాపులో ప్రూఫు చూడటమంటే ఇదే. కస్టమర్లు కూడా, కాఫీలో చక్కెర తక్కువైందని చెప్పినంత మామూలుగా చెప్పేవాళ్లు: "మా ఆవిడ అటు తిరిగిందండీ, పేరు చూస్తారా?" పెద్దక్క అక్షరం సరిచేసేది, ఆవిడ ఇటు తిరిగేది, ఆయన కార్డు జేబులో వేసుకుని వెళ్లిపోయేవాడు.

పెద్దక్క అంటే నాన్న పెద్ద కూతురు. తనకంటే పెద్దవాళ్లు కూడా పెద్దక్కా అనే పిలుస్తారు. డిజైనింగ్ చదువుకుంది, తెలివైంది. ఆ తెలివి తనకుందని ఆమెకు బాగా తెలుసు, పక్కవాళ్లకు లేదని ఇంకా బాగా తెలుసు. ఆమె జబ్బల్లా అదే. ఆ ఊళ్లో ఎక్కడెక్కడి మనుషులో ఉండేవాళ్లు, వాళ్ల పేర్లూ అలాగే ఉండేవి. ఇంగ్లీషు అక్షరాలే, కానీ ఒకదాని నెత్తిన రెండు చుక్కలు, ఇంకోదాని మీద వాలుగా గీత, మరోదానికి చిన్న ఇంటికప్పు, ఇంకోదానికి కింద వేలాడే తోక. పెద్దక్క అవన్నీ ఒక్కో కార్డు మీద తన చేత్తోనే టైపు చేసేది. చేస్తూ కూడా, కార్డు అడగడానికి వచ్చినవాళ్లను ఎగాదిగా చూసేది. ఫారం తలకిందులుగా నింపినవాళ్లు, కళ్లు మూసుకుని ఫొటో దిగినవాళ్లు, జుట్టు దువ్వుకోకుండా వచ్చినవాళ్లు. ప్రపంచంలో సగంమంది దద్దమ్మలని ఆమె లెక్క. మిగతా సగంమంది ఇంకా షాపుకు రాలేదంతే.

అలాంటి మనిషి పక్కన ఒక బల్ల వేసుకుని కూర్చున్నాడు మరిది, చెల్లెలి మొగుడు. ఏదో కంపెనీలో పనిచేసేవాడు. ఆ కంపెనీని తను వదిలేశానంటాడు, కంపెనీ కూడా అదేమాట అంటుంది. వచ్చిన మొదటిరోజే పెద్దక్క వెనక నిలబడి, "అయ్యో వదినగారూ, మీరు ఇంకా చేత్తోనే టైపు చేస్తున్నారా!" అన్నాడు. నుయ్యి దగ్గర బట్టలుతికే మనిషిని చూసి వాషింగ్ మెషీన్ జాలిపడినట్టు అన్నాడు. "ఇదంతా ఆటోమేటిక్‌గా అయిపోతుందండీ ఈ రోజుల్లో. కంప్యూటరుకు ఒక చిన్న స్క్రిప్టు రాసి పడేస్తే ఫొటో అదే తెరుచుకుంటుంది, పేరు అదే పడుతుంది, అదే మూసుకుంటుంది. మనం కాలు మీద కాలు వేసుకుని కూర్చోవడమే." ఆ రోజు నుంచీ పెద్దక్క నోట అతని పేరు ఆటోమేటిక్కు అయింది. మొహం మీద మాత్రం "మరిదిగారూ" అనేది, ఆ "గారూ"ను కాస్త సాగదీసి.

ఇంతలో పెద్దాసుపత్రి వాళ్ల ఆర్డరు వచ్చింది. డాక్టర్ల దగ్గర్నుంచి ఆయాల దాకా అందరికీ కొత్త కార్డులు కావాలి. కొత్త గేటు పెడుతున్నారు, సోమవారం నుంచి కార్డు లేనివాళ్లను లోపలికి రానివ్వరు. నాన్న అన్నం తింటూ కుండబద్దలు కొట్టినట్టు చెప్పేశాడు.

"ఇది అల్లుడుగారి పద్ధతిలోనే చేద్దాం. సరిగ్గా వెళ్లిందా, షాపు తాళాలు ఆయన చేతిలో పెట్టి నేను ఇంటిపట్టున ఉంటాను. వెళ్లలేదా, ఈ ఆటోమేటిక్కులూ గీటోమేటిక్కులూ కట్టిపెట్టి ఎప్పట్లా అమ్మాయే చూసుకుంటుంది."

పెద్దక్క కలిపిన ముద్దను కంచంలోనే వదిలేసింది. ఆ షాపు తనదేనని ఆమె ఎన్నడూ ఎవరితోనూ అనలేదు, అనాల్సిన అవసరం ఉంటుందని అనుకోలేదు. చిన్నప్పుడు ఆ బల్ల కిందే కూర్చుని హోంవర్కు చేసుకుంది. ఇప్పుడు ఎవడో నిన్నగాక మొన్న వచ్చినవాడు కాలు మీద కాలు వేసుకుని దాన్ని ఎగరేసుకుపోతాడట.

ఆసుపత్రివాళ్లు పేర్లన్నీ ఒక ఫైల్లో టైపు చేసి పంపారు. ఆటోమేటిక్కు స్క్రిప్టు నడిపాడు. ఫొటోలు వాటంతటవే తెరుచుకుని, కింద పేర్లు పడి, మూసుకుంటుంటే ఏనుగెక్కినంత సంబరపడ్డాడు. మొదటి కార్డులు అచ్చయి బయటికొచ్చాక చూస్తే, చుక్కలూ గీతలూ ఉన్న ప్రతి అక్షరం దగ్గరా ఒకదానికి బదులు రెండు పిచ్చి అక్షరాలు పడ్డాయి. కీబోర్డు మీద ఎవరో తుమ్మినట్టుంది. ఇక ఫొటోల్లో మనుషులు మొహం తిప్పుకోవడం కాదు, లేచి వెళ్లిపోయారు. నీలం తెర, ముందు ఖాళీ కుర్చీ.

"మనుషులేరి అల్లుడుగారూ?" అన్నాడు నాన్న.

"ఫొటోలు తీసినవాడికి పని రాదు మామయ్యా." వెంటనే ఫొటోగ్రాఫర్‌కు ఫోను చేసి దులిపేశాడు. "నేను తీసినప్పుడు మనుషులున్నారు సార్" అని ఆ ఫొటోగ్రాఫర్ నెత్తీ నోరూ కొట్టుకున్నాడు.

పెద్దక్క టీ కప్పు పట్టుకుని లేచి, అతని భుజం మీదుగా ఒక్క చూపు చూసింది. ఆ చూపు చాలు. ఒక అక్షరం రెండు పిచ్చి అక్షరాలుగా పగిలిందంటే ఫైల్లో తప్పు లేదు, చదవడంలో తప్పుంది. కంప్యూటరు అక్షరాలు దాచుకునే తీర్లు కొన్నుంటాయి. ఆసుపత్రివాళ్లు ఒక తీరులో దాచారు, స్క్రిప్టు ఇంకో తీరులో చదువుతోంది. ఆటోమేటిక్కు టీ తాగడానికి వెళ్లినప్పుడు పెద్దక్క తన కంప్యూటర్లో ఆ ఫైలు తెరిచి చూసింది. ప్రతి చుక్కా, ప్రతి గీతా ఎక్కడిదక్కడ పొందిగ్గా ఉంది. ఫైలు తెరిచేముందు, దీన్ని ఫలానా తీరులో చదువు అని స్క్రిప్టుకు ఒక వరుస రాస్తే అయిపోతుంది. ఆ ఒక్క వరుస రాయలేదు మహానుభావుడు.

అడిగితే చెబుదాంలే అనుకుంది పెద్దక్క. అతను చచ్చినా అడగడని ఆమెకు తెలుసు. ఫైలు మూసేసి కూర్చుంది.

అతను అడగలేదు. అడిగితే డిగ్రీ కరిగిపోతుందేమో మరి! ముందు అక్షరాల ఫాంటు మార్చాడు. పిచ్చి అక్షరాల చోట చిన్న చిన్న డబ్బాలు వచ్చాయి, మనుషులు వచ్చి కుర్చీల్లో కూర్చుని కళ్లు గట్టిగా మూసుకున్నారు. వెలుతురు తక్కువైంది, కళ్లు అందుకే కనపడట్లేదని ఫొటోలకు వెలుతురు పెంచాడు. మూసుకున్న కళ్లు ఇంకా స్పష్టంగా కనిపించాయి. ఆఖరికి గొప్ప ఉపాయం తట్టింది. పిచ్చి అక్షరం కనపడిన చోటల్లా దాన్ని ఊడ్చేసి, చుక్కా గీతా లేని బోడి అక్షరం పెట్టమని స్క్రిప్టులో రాశాడు.

"చెత్తంతా ఊడ్చేశానండీ! చూడండి పేర్లు ఎంత శుభ్రంగా ఉన్నాయో."

ఆ పేర్లవాళ్లంతా తిన్నగా కూర్చున్నారు, గోడవైపు తిరిగి. వీపులు, జడలు, బట్టతలలు.

"వీపులు కదా అల్లుడుగారూ ఇవి" అన్నాడు నాన్న మెల్లగా.

"వచ్చారు కదా మామయ్యా, తిప్పడమెంతసేపు?" అని ఫొటోలను ఎడమ నుంచి కుడికి తిరగేశాడు. ఎడమవైపు పాపిడి కుడివైపుకు పోయింది. వీపు వీపులాగే ఉంది. పెద్దక్కకు నవ్వు ఆపుకోలేక టీ పొలమారింది.

"పేర్లలో ఏమన్నా తేడా ఉందేమో చూడరాదూ?" అన్నాడు నాన్న. ఇన్నేళ్లు ఆ గోడముందు నడిచిన మనిషి, పాపం, అదైనా అనాలి కదా.

"పేర్లు రాసింది కంప్యూటరు మామయ్యా. కంప్యూటరు తప్పు రాస్తుందా? ఆ చుక్కలూ అవీ అచ్చులో మురికిలా కనిపిస్తాయి. తలా తోకా లేని వాటికోసం ఇంత రాద్ధాంతం ఎందుకు?"

అంత చదువుకున్న అల్లుడు అంత గట్టిగా చెప్పేసరికి నాన్న తల ఊపాడు. తాను చూస్తున్నది తప్పేమోనని కళ్లజోడు తుడుచుకున్నాడు కూడా.

మధ్యాహ్నం చెల్లెలు క్యారేజీ తెచ్చింది. మొగుడు చేతులు కడుక్కోవడానికి వెళ్లగానే అక్క దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది. "అక్కా, ఆయనకు రాత్రి నిద్ర లేదే. నీకేమన్నా తెలిస్తే చెప్పవే, నీ పుణ్యం ఉంటుంది."

"నాకేం తెలుసే? మీ ఆయనంత చదువు నేను చదవలేదు" అంది పెద్దక్క, మూత తీసి కూర వాసన చూస్తూ. అబద్ధం ఆడినట్టు కూడా అనిపించలేదు ఆమెకు. తమాషా చూస్తున్నట్టుంది.

ఆఖరికి ఏ కార్డులు ఉంటే ఆ కార్డులే ఆసుపత్రికి వెళ్లాయి. "మొహం ఎవడు చూస్తాడు మామయ్యా, మెడలో వేలాడితే చాలు" అన్నాడు ఆటోమేటిక్కు. అక్కడి ఆఫీసువాళ్లు కట్టలు విప్పి చూడకుండానే పంచేశారు. వాళ్లూ ఆ బాపతే.

సోమవారం కొత్త గేటు దగ్గర వాచ్‌మన్ నిలబడ్డాడు. కార్డులో ఉన్నట్టే మనిషి ఉండాలని ఆర్డరు, ఆర్డరంటే ఆర్డరు. అసలే చుక్కా గీతా లేని పేర్లవాళ్లు మొహం చూపించి లోపలికి వెళ్లారు. మిగతావాళ్లు వీపు చూపించారు. వాచ్‌మన్ కార్డును జడ పక్కన పెట్టి, జడను కార్డు పక్కన పెట్టి, పోల్చి చూసుకుని, "ఊఁ, పదండి" అన్నాడు. అలా వెనక్కి వెనక్కి నడుచుకుంటూ ఆసుపత్రిలోకి వెళ్లారు. గుండె డాక్టరు వెనక్కి నడిచాడు, లెక్చర్లిచ్చే పెద్ద నర్సు వెనక్కి నడిచింది. ఇదేమిటయ్యా అని అడిగినవాడు ఒక్కడు లేడు. రోజూ అదే తంతు. ఈ కబురు షాపుకు చేరగానే పెద్దక్క పడీ పడీ నవ్వింది. వచ్చిన ప్రతి కస్టమరుకూ, వాచ్‌మన్‌లా కార్డు పట్టుకుని మరీ చేసి చూపించింది. ఆటోమేటిక్కు మొహం మాడ్చుకుని కంప్యూటరులోకి తల దూర్చాడు. ఆసుపత్రివాళ్లు కార్డులన్నీ మళ్లీ చేయమన్నారు. ఈ వారం చివరికి మొహాలు రాకపోతే ఆర్డరు రద్దు. వారం చివరి దాకా నోరు మూసుకుంటే షాపు తనదేనని పెద్దక్కకు అర్థమైంది.

గురువారం వాన పడింది. శుక్రవారం పొద్దున స్ట్రెచర్లు తోసే ఆయా షాపుకు వచ్చింది. పొట్టి మనిషి, కుడిచేయి మోచేతి దాకా పిండికట్టు, మెడకు గుడ్డతో వేలాడదీసి ఉంది.

"ఏమ్మా, ఏమైంది?" అంది పెద్దక్క.

"గేటు దగ్గర ర్యాంపు తడిగా ఉంది పెద్దక్కా. వెనక్కి నడుస్తుంటే కాలు జారింది. మణికట్టు విరిగింది." కార్డు తీసి బల్లమీద పెట్టింది. అందులో చిన్న జుట్టుముడి, ముడికో రబ్బరు బ్యాండు. "పిల్లల వార్డులో చేసేదాన్ని. ఈ చేత్తో స్ట్రెచర్ తోయలేనని తీసేశారు. కట్టు విప్పాక రమ్మన్నారు గానీ, మళ్లీ అదే గేటు కదా? నాకు భయమేస్తోంది. నా మొహం కాస్త ఇటు తిప్పి పెట్టరూ?"

పెద్దక్క ఎప్పట్లా ఏదో అనబోయింది. వెనక్కి నడవమంటే నడిచేయడమేనా, నీ బుర్రేమైంది, అనబోయింది. ఆయా ఎడమచేత్తో కార్డును ఆమె వైపు ఇంకాస్త జరిపింది. ఆ చేతికి కట్టు లేదు, కానీ వేళ్లన్నీ గీసుకుపోయి ఉన్నాయి. వారం రోజులుగా తను నవ్విన నవ్వంతా గుర్తొచ్చి పెద్దక్కకు సిగ్గేసింది. ఆ సిగ్గు ఎలా ఉంటుందో కూడా ఆమె మరిచిపోయి చాలాకాలమైంది.

నేరుగా ఆటోమేటిక్కు బల్ల దగ్గరికి వెళ్లింది. "లేవండి మరిదిగారూ."

"దీని సంగతి మీకేం తెలుసు వదినా?"

"లెమ్మంటుంటే!"

అతను లేచాడు. పెద్దక్క ఊడ్చే వరుసను కొట్టేసింది. ఫైలు తెరిచే చోటికి పైన ఒకే ఒక్క వరుస రాసింది, దీన్ని ఫలానా తీరులో చదువు అని. నడిపించింది. తెర మీద ఒక్కొక్క ఫొటో తెరుచుకుంటోంది, పేరు పడుతోంది, చుక్కలు పడుతున్నాయి, తోకలు వేలాడుతున్నాయి, కుర్చీల్లో మనుషులు ఒళ్లు విరుచుకుంటూ ఇటు తిరుగుతున్నారు. ఆటోమేటిక్కు నోరు తెరుచుకుని నిలబడ్డాడు. ముడికి రబ్బరు బ్యాండు ఉన్న మనిషి కూడా తిరిగింది. "ఇదిగో, నేనే!" అంది ఆయా.

అచ్చయిన కార్డులన్నీ నాన్న ఆత్రంగా తీగలకు తగిలించి, చేతులు వెనక్కి కట్టుకున్నాడు. రెండడుగులు వేసి ఆగిపోయాడు. అందరూ ఇటు తిరిగి ఉన్నారు, కానీ ఎదురుగా చూడటం లేదు. గోడనిండా ఉన్న కళ్లన్నీ పెద్దక్క వైపు ఉన్నాయి. ఆమె ప్రింటరు దగ్గరికి వెళ్తే కళ్లు ప్రింటరు దగ్గరికి వెళ్లాయి. కాగితాల అలమారు పక్కకు తప్పుకుంటే అలమారు పక్కకు వచ్చాయి.

"అమ్మాయ్" అన్నాడు నాన్న. "ఇన్నేళ్లలో ఏ కార్డూ ఒక మనిషిని పట్టుకుని ఇలా చూడలేదు. తమను ఇటు తిప్పిందెవరో వాళ్లకు తెలుసు. నాకే తెలీలేదు." జేబులోంచి తాళాల గుత్తి తీశాడు. "అల్లుడుగారూ, ఏమనుకోకండి. ఈ షాపు దీనిదే."

అతను తల దించుకున్నాడు.

"నిజమే అయ్యగారూ" అంది ఆయా. "నా మొహం నాకిచ్చింది పెద్దక్క. ఆమె చేతులు చల్లగా ఉండాలి."

పెద్దక్కకు ఆ తాళాలు కావాలి. ఇంకేదీ అంతగా కోరుకోలేదు ఎప్పుడూ. చెయ్యి సగం దాకా చాపింది కూడా. అప్పుడు తీగమీది ఆయా ఫొటో కంటపడింది. పక్కనే నిలబడ్డ ఆయా కళ్లలో ఎంత ఆప్యాయత ఉందో, ఫొటోలోని కళ్లలో అది ఇసుమంతైనా లేదు. ఆ గోడమీద ఎవరి కళ్లలోనూ లేదు. డాక్టరు, నర్సు, వంటమనిషి, అందరూ ఆమెను ఒకేలా చూస్తున్నారు, అన్నీ తెలిసి ఊరుకున్న మనిషిని చూసినట్టు. నాన్నకు అది మెచ్చుకోలులా కనిపించింది. ఇంకెవరికీ తెలియదు, తాళాలు తీసుకుంటే ఎప్పటికీ తెలియదు.

చాచిన చెయ్యి ఆగిపోయింది.

"నాన్నా, నాకు మొదటిరోజే తెలుసు."

"ఏం తెలుసు?"

"ఈ వరుస రాస్తే చాలని. ఆ పిచ్చి అక్షరాలు చూసిన నిమిషంలోనే తెలుసు. చెల్లి వచ్చి అడిగితే తెలీదన్నాను. షాపు నాకు దక్కుతుందని ఊరుకున్నాను. వీపులతో కార్డులు వెళ్తుంటే చూస్తూ కూర్చున్నాను. ఈమె పడేదాకా నవ్వుతూనే ఉన్నాను."

"చెప్పొచ్చుగా వదినా?" అన్నాడు మరిది చివరికి. అడగొచ్చుగా, అనే మాట పెద్దక్క నాలుక చివరిదాకా వచ్చింది. పిండికట్టు ఎదురుగా ఉండగా అది బయటికి రాలేదు.

ఆయా తీగ దగ్గరికి నడిచింది. ఎడమచేత్తో తన కార్డు క్లిప్పు తీయబోయింది, ఒంటిచేత్తో రాలేదు. పెద్దక్క సాయానికి చెయ్యి చాపితే ఆయా మోచేత్తో ఆ చేతిని పక్కకు నెట్టింది. మళ్లీ ప్రయత్నించింది. క్లిప్పు రెండుసార్లు జారింది. ఎవరూ కదల్లేదు. ఆఖరికి కార్డు ఊడింది. దాన్ని రొమ్ముకు ఆనించుకుని, పెద్దక్క వైపు చూడకుండా, మెట్లు దిగి వెళ్లిపోయింది.

గోడమీద కళ్లు వాటి దారిన అవి ఎదురుగా చూడసాగాయి. నాన్న తాళాల గుత్తిని అరచేతిలో ఒకసారి తూచుకుని, తీసుకెళ్లి మరిది బల్లమీద పెట్టాడు. కళ్లజోడు తీసి జేబులో పెట్టుకుని, భోజనం వేళ కాకుండానే ఇంటికి బయల్దేరాడు.

మరిది ఆ తాళాలను ముట్టుకోలేదు చాలాసేపు. తర్వాత గొంతు సవరించుకున్నాడు. "రేపు కాలేజీవాళ్ల ఆర్డరు వస్తుంది వదినా. వాళ్ల పేర్ల ఫైలు… స్క్రిప్టు దాన్ని ఎలా చదవాలో కాస్త చూసి చెబుతారా?"

పెద్దక్క అతనికేసి చూసింది. ఎత్తిపొడవడానికి మనసులో ఏదైనా మాట ఉందేమోనని వెతుక్కుంది. ఏమీ దొరకలేదు.

"చెబుతాను" అని, తన కుర్చీని అతని బల్ల పక్కకు లాక్కుంది.